కొక్కేనికి తగిలించిన టోపీ

సినిమా మధ్యాహ్నం ఆట చూసొచ్చిన అక్కా తమ్ముడూ వంటింట్లో కూర్చున్నారు. బల్ల మీద బీన్స్ కుప్ప, పక్కన అక్క ఫోను.

“ఈనె తియ్యమంటే కాయంతా తుంచేస్తావేంరా? మనసెక్కడుంది?”

“ఇక్కడే ఉందక్కా.”

“హాల్లోనూ అంతే. సినిమాలో తాత వచ్చినప్పుడు తెర మానేసి నా మొహం చూస్తావేం?”

“ఊరికే.”

“ఊరికేనా? సరే, ఇది చెప్పు. ఆ దీపస్తంభం తాత తుఫానులో పోయాడా, లేదా?”

“పోయాడు. మొదటి భాగంలో.”

“పోయినవాడు ఇవాళ నాలుగో భాగంలో తలుపు తోసుకుని ఎలా వచ్చాడు?”

“అది... సినిమా అక్కా.”

“సినిమా అని నాకు తెలీదూ! మొదటి దాంట్లో ఒకే ఒక్క పడవ. అది ఒడ్డుకొస్తుందా రాదా అని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. ఇవాళ రెండొందల పడవలు మునిగాయి. నేను ఒళ్ళో పడ్డ పాప్‌కార్న్ ఏరుకుంటూ కూర్చున్నా.”

“గ్రాఫిక్స్ బావున్నాయి కదా?”

“నీళ్ళు బావున్నాయి. మునిగేవాళ్ళెవరో తెలిస్తే ఇంకా బావుండేది.”

“స్టూడియో వాళ్ళంతేనక్కా. ఏదైనా ఇంకా పెద్దదిగా ఉండాలంటారు. సినిమా పేరుతో పిల్లల బొమ్మలు అమ్ముడుపోవాలంటారు. మాదేముంది, ఎడిటింగ్ గదిలో...”

“నిన్నెవరన్నార్రా? నువ్వు ఇచ్చింది అతికించేవాడివి. నేననేది రాసినవాణ్ణి. ఆ ఫోనిటివ్వు.”

“ఎందుకు?”

“అభిమానుల గ్రూపులో పెట్టాలి. పన్నెండుమందితో మొదలుపెట్టాను, ఇప్పుడు నలభైవేలమంది. నేనేమంటానా అని చూస్తున్నారు.”

“రేపు పెట్టొచ్చుగా.”

“రేపటికి తాత మళ్ళీ చస్తాడా?”

“అక్కా...”

“విను. ‘మొదటి భాగం చివర తాత లేడు. కొక్కేనికి ఆయన టోపీ ఉంది. మనవరాలు దాన్ని తాకకుండా, ఒక్కతే మెట్లెక్కి దీపం వెలిగించింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ టోపీ అక్కడే ఉందనుకున్నాం. ఇవాళ ఆయనొచ్చి దాన్ని తీసి మనందరికీ పెట్టాడు.’ ఎలా ఉంది?”

“బావుంది.”

“మరి నవ్వవేం?”

“నవ్వా.”

“ఏడ్చావు. ఇంకా ఉంది. ‘ఇది రాసినవాడెవడో ఈ కథని ఒక్కరోజు కూడా ప్రేమించినవాడు కాదు...’”

“ఆ ముక్క తీసెయ్యి.”

“ఏ ముక్క?”

“ప్రేమించలేదన్నది.”

“ఎందుకు తియ్యాలి? ప్రేమే ఉంటే ఆయన్ని లేపుతాడా? ఆ పిల్ల ఒంటరిగా మెట్లెక్కిందే, దానికిప్పుడు విలువేముంది?”

“తీసెయ్యక్కా. మిగతాదంతా ఉంచుకో. పడవలు, నీళ్ళు, టోపీ, నీ ఇష్టం. అదొక్కటీ వద్దు.”

“నీకెందుకురా అంత పట్టుదల? వాడు నీ స్నేహితుడా?”

“కాదు.”

“మీ పై ఆఫీసరా?”

“కాదు. పోయినేడు కథ రాసే గదిలో మనిషి తక్కువైతే నాలుగు నెలలు నన్ను కూర్చోబెట్టారు. తలా ఒక ఆలోచన చెప్పమన్నారు. నేనూ ఒకటి చెప్పా. అందరూ చప్పట్లు కొట్టారు.”

“ఏం చెప్పావు?... ఒరేయ్.”

“ఈ కాయ ముదిరిపోయిందక్కా, పారెయ్యనా?”

“కాయ సంగతి తర్వాత! నువ్వా? మొదటి భాగం నాతోపాటు చూశావు కదరా, పక్క సీట్లో కూర్చుని! టోపీ ఎందుకక్కడ వదిలేశారో నీకు తెలీదా?”

“నాకప్పుడు ఎనిమిదేళ్ళు. టోపీ నేను చూళ్ళేదు, నిన్నే చూస్తున్నా. ఇంటికొచ్చాక మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు నువ్వు. దుప్పట్లో దూరి ఏడుస్తుంటే పక్కమంచం మీద పడుకుని వినేవాణ్ణి. పెద్దయ్యాక ఎలాగైనా ఆ తాతని బతికించి నీకు చూపించాలని అప్పుడే అనుకున్నానక్కా.”