నీళ్ళు ముట్టుకోవడానికి భయపడ్డ పడవ

"అబ్బే, పెద్ద పనేం కాదు ఫెర్న్ అక్కా. నాలుగు రివెట్లు వదులయ్యాయి, బిగించాను. అంతే కదా!"

రైనో సాల్మెల ఎప్పుడూ ఇలాగే వినయంగా మొదలెడతాడు. ఎక్కడ తేలతాడో ఆ దేవుడికే తెలియాలి. నేను కాఫీ పోసి, యాలకుల రొట్టె ముక్కలు కోసి బల్ల మీద పెట్టాను. వినక చేసేదేముంది? మే నెలలో వేసవి చేపల వేటకి సర్కారు అనుమతిచ్చే మొదటి రోజు అది. ఏడాదంతా ఎదురుచూసి తెల్లారి లేచేసరికి ఒకటే గాలి. సరస్సు నిండా తెల్లటి నురగ. నా ఎరల కొట్లో తొట్టిలోని చిరుచేపలు గిరగిరా తిరుగుతున్నాయి, మనుషులూ అలాగే తిరిగారు. కూర్చున్నారు, లేచారు, కిటికీలోంచి చూశారు, మళ్ళీ కూర్చున్నారు. చివరికి విసుగెత్తి చాలామంది ఇళ్ళకి పోయారు.

మిగిలింది ముగ్గురు. ఒకడు రైనో. రెండోవాడు రైనో భార్య ఐలికి అన్నయ్య, టౌనో. మూడోవాడు గున్నార్. ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపిన మనిషి, ఏ మాటైనా మలుపు దగ్గర ఆగినట్టు ఆగి ఆగి మాట్లాడతాడు.

ఇంతకీ ఆ పడవ ఐలి వాళ్ళ నాన్నది. అల్యూమినియం పడవ, ఐలి పుట్టకముందే కొన్నాడు. ఐలి నడక నేర్చింది అందులోనే అంటారు. ఆయన పోయాక రెండేళ్ళు గడ్డిలో బోర్లా పడి ఉంది. సొట్టలు పడి, రేకుల్ని కలిపి పట్టే రివెట్లు కదిలి, ఎక్కడ చూసినా కారుతోంది. "తుక్కు వాడికిచ్చేద్దాం, అందులో నా చెల్లెలు ఎక్కడ మునిగిపోతుందో అని నాకు నిద్రపట్టడం లేదు" అన్నాడు టౌనో. ఐలి ఇవ్వనంది. ఆఖరికి ఒక ఒప్పందానికొచ్చారు. ఇవాళ పొద్దున్న నీళ్ళలో దింపాలి. పన్నెండింటికి టౌనో వెళ్ళి అడుగున చెయ్యి పెట్టి చూస్తాడు. రివెట్ల దగ్గర తడి తగిలిందా, అక్కడికక్కడే బండెక్కించి తుక్కుకి. పొడిగా ఉందా, ఇక ఐలిని జన్మలో అడగడు. టౌనో బండి కొట్టు ముందే ఉంది, తాళ్ళతో సహా.

దింపేటప్పుడు నేను కిటికీలోంచి చూశాను. ఐలి ఏదో అడిగింది, రైనో వెనక్కైనా చూడకుండా "ఆ, ఆ!" అన్నట్టు చెయ్యి ఊపేశాడు. అలలకి పడవ రేవు చెక్కలకి కొట్టుకోకుండా ఐలి అందులోనే కూర్చుండిపోయింది. రేవు అడ్డం కాబట్టి మాకు భుజాలూ ఎర్ర ఉన్ని టోపీ మాత్రమే కనిపిస్తున్నాయి.

"నాలుగు రివెట్లేనా?" అన్నాడు టౌనో. "ఆ సత్తు గిన్నెకి నాలుగు రివెట్లు చాలాయా బావా? నేను చూసినప్పుడు జల్లెడలా ఉందే."

"నాలుగంటే నాలుగని కాదు బావగారూ, మాట వరసకి అన్నాను." రైనో ఒక చేత్తో కాఫీ పట్టుకుని, రెండో చెయ్యి కోటు జేబులో పెట్టి ఏదో టిక్కుటిక్కుమని తిప్పుతున్నాడు. తాళం చెవులేమో అనుకున్నాను. "అసలు సంగతి చెబుతా వినండి. కారే చోటు ఎలా కనుక్కుంటారు? పడవని నీళ్ళలో పెడితే నీళ్ళు లోపలికొస్తాయి, ఎక్కణ్ణుంచి వచ్చాయో బ్రహ్మకి కూడా తెలీదు. కాబట్టి ఏం చెయ్యాలి? నీళ్ళనే పడవలో పెట్టాలి! పడవని షెడ్డులో దిమ్మల మీదికెక్కించి, పడవ వెనక పలక అడుగున నీళ్ళు వదలడానికి ఉండే చిల్లుకి ఇత్తడి బిరడా బిగించి, గొట్టం వేసి అంచుల దాకా నీళ్ళు నింపాను. నింపి కిందికి దూరి చూద్దును కదా, వాన! షెడ్డు లోపల వాన! కారిన ప్రతి చోటా సుద్దముక్కతో గీత పెట్టాను. అలా పెట్టీ పెట్టీ సుద్దముక్కలైపోయి ఊళ్ళో బడికెళ్ళి అడుక్కొచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"చలి! జనవరి చలి సంగతి చెప్పేదేముంది, నేను గీతలు పెడుతుండగానే కారే నీళ్ళు కారుతున్నట్టే గడ్డకట్టేశాయి. పడవలో నీళ్ళు కూడా బిర్రబిగుసుకుపోయాయి. సరే కదా అని బోర్లించాను. అచ్చు పడవలాంటి మంచు పడవ ఊడిపడింది! బల్లలతో సహా, మామగారు చెక్కిన పేరుతో సహా! దాన్ని పారెయ్యబుద్ధి కాక మార్చి దాకా అందులోనే కూర్చుని చేపలు పట్టాను, అడుగు గాజులా ఉంటుంది కదా, ఏ చేప వస్తోందో పైనుంచే కనిపిస్తుంది, నచ్చినదాన్నే పట్టుకోవడం."

గున్నార్ రొట్టె ముక్క కాఫీలో ముంచి తీరిగ్గా తిన్నాడు. "రైనో. ఒక మాట. రివెట్ బిగించాలంటే లోపలినుంచి ఒకరు సుత్తితో కొట్టాలి. బయటినుంచి ఒకరు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. రెండోవాళ్ళెవరు?"

"ఎవరూ లేరు! నేనొక్కణ్ణే!"

"అదెలా?"

"ఎలా ఏమిటి గున్నారూ! పైన సుత్తి ఎత్తి కొడతాను. ఆ దెబ్బ రివెట్ మీద పడేలోపు దూకి, కిందికి దూరి, దిమ్మ పట్టుకుంటాను. మొదట్లో ఒకటి రెండు సార్లు ఆలస్యమైంది, ఒప్పుకుంటాను. తర్వాత అలవాటైపోయి, కిందికి వెళ్ళి దిమ్మ ఆనించి, కాసేపు దెబ్బ కోసం ఎదురుచూస్తూ పడుకునేవాణ్ణి."

టౌనో నవ్వలేదు. లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. గాలికి అద్దం దడదడలాడుతోంది. "చెయ్యి ఊపుతోంది" అన్నాడు.

రైనో ఒక్క ఉదుటున లేచి చూశాడు. నిజమే, ఐలి చెయ్యెత్తి అటూ ఇటూ ఊపుతోంది. "చూశారా! ఎంత సంతోషంగా ఉందో!" అని తనూ చెయ్యి ఊపాడు. "బావగారూ, కూర్చోండి, ఇంకా పదకొండు కూడా కాలేదు. ఒప్పందమంటే ఒప్పందమే, ముందు వెళ్ళి చూడ్డానికి లేదు." రైనో కూర్చున్నాడే కానీ కాలు ఊపడం ఆపలేదు. జేబులో ఆ టిక్కుటిక్కు ఇంకా పెరిగింది. పాపం వాడికి లోపల బెంగగానే ఉంది. ఐలి కోసం ఆ పడవ నిలబడాలని వాడు మా అందరికంటే ఎక్కువ కోరుకుంటున్నాడు. ఆ బెంగ నోటమ్మట కోతలై వస్తోంది, అంతే.

"మరి సొట్టలు? అవెలా పోయాయి?" అన్నాను, వాడి మనసు మళ్ళించడానికి.

"హా! అదీ అడగాల్సిన మాట! సుత్తితో కొడితే సొట్ట పోతుంది కానీ మచ్చ మిగులుతుంది. అందుకని పడవని ఆవిరి స్నానం గదిలోకి తోసేశాను."

"మీ ఇంటి ఆవిరి గదిలోనా? అందులో ఇద్దరు మనుషులు పట్టరు" అన్నాడు టౌనో.

"నిలబెట్టాను బావగారూ, ముక్కు పైకి! పొయ్యి ఎర్రగా కాల్చి, రాళ్ళ మీద చెంబులకి చెంబులు నీళ్ళు పోశాను. శనివారం సాయంత్రం మనం కూర్చున్నట్టే కూర్చుంది. చెమట పట్టింది. స్నానంలో మనం ఒంటికి కొట్టుకునే బర్చి చెట్టు కొమ్మలతో వీపు మీద నాలుగు తగిలించాను. టప్! ఒక సొట్ట. టప్ టప్! ఇంకో రెండు. ఇక మొక్కజొన్నలు పేలినట్టే. వేడికి ఒళ్ళు విరుచుకుని సాగడం మొదలెట్టింది చూడండీ, నేను అరుస్తూనే ఉన్నాను, ఆగు తల్లీ ఆగు తల్లీ అని, వింటేనా! కప్పు పొడుచుకుని పైకొచ్చేసింది. పక్కూరివాళ్ళు మా ఇంటి మీద చర్చి గోపురం లేచిందనుకున్నారు. బయటికి తీసుకురావడానికి గోడ పడగొట్టాల్సి వచ్చింది."

"నిన్న శనివారం కాకపోయినా మీ ఇంట్లో స్నానం చేశాను" అన్నాడు గున్నార్. "గోడ ఉంది."

"కట్టించాగా మళ్ళీ!" రైనోకి ఊపిరి తీసుకునే తీరిక లేదు. "ఆ తర్వాత తోముడు. మామగారి రోజుల నాటి పచ్చ రంగంతా గీకేసి, బూడిదతో తోమాను. తోమగా తోమగా ఎంత మెరుపొచ్చిందంటే, ఉత్తరానికి పోతున్న బాతుల గుంపు పైనుంచి చూసి అదే సరస్సనుకుని దిగిపోయింది. మా పెరడంతా బాతులే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎండ దాని మీద పడి, అక్కణ్ణుంచి సరస్సు మీద పడి, మంచు కరగడం మొదలైంది. ఈ ఏడు మంచు వారం ముందే ఎందుకు పోయిందనుకున్నారు?"

"ఏప్రిల్లో వానలు పడ్డాయి కాబట్టి పోయింది" అన్నాడు టౌనో.

"ఆ వానలు ఎందుకు పడ్డాయి? ఆ ఆవిరి ఎక్కడికి పోయిందనుకున్నారు బావగారూ?"

టౌనో పెదవుల చివర ఒక నవ్వు వచ్చి పోయింది. మళ్ళీ కిటికీ వైపు చూశాడు. "ఇప్పుడు టోపీ తీసి ఊపుతోంది. ఏదో అరుస్తోంది కూడా."

తలుపు కొద్దిగా తెరిచాను. గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు. కాఫీ కప్పుల మూతలు ఎగిరిపోతుంటే మూసేశాను.

"చేప పడి ఉంటుంది!" అన్నాడు రైనో. "గాలం అక్కర్లేదు, ఆ మెరుపు చూసి అవే ఎగిరి పడతాయి. పాపం ఒక్కతీ ఎన్నని పట్టుకుంటుంది! ఇంకా అసలు సంగతి చెప్పలేదు మీకు. నిన్న సాయంత్రం ఆఖరిసారి నీళ్ళు నింపి చూశాను. ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క కారలేదు! బిరడా పీకి నీళ్ళన్నీ వదిలేసి హాయిగా పడుకున్నా. అయితే మరీ గట్టిగా బిగించానేమో అని ఒక చిన్న అనుమానం వచ్చింది. ఎందుకంటే పొద్దున్న దింపినప్పుడు చూశానూ, పడవ నీళ్ళని తాకడం లేదు!"

"తాకడం లేదా?"

"నీళ్ళ మీద వేలెడు ఎత్తున నిలబడింది అక్కా! నీళ్ళకి భయం పట్టుకుంది. ఎక్కణ్ణుంచైనా దూరదామని చూస్తాయి, సందు లేదు, సిగ్గుపడి పక్కకి తప్పుకుంటాయి. ఈ అలలు గాలికి లేస్తున్నాయనుకుంటున్నారా? మన పడవకి దారిస్తున్నాయి! పన్నెండింటికి మీరు చెయ్యి పెడితే బావగారూ, తడి మాట అటుంచండి, అడుగున దుమ్ము లేస్తుంది. చీపురు పట్టుకెళ్ళండి!"

గున్నార్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "రైనో."

"ఏంటి?"

"ఇందాక ఐలి భుజాలు కనిపించాయి. ఇప్పుడు టోపీ చివర ఒక్కటే కనిపిస్తోంది. నీ పడవ అంత ఎత్తున నిలబడితే, ఐలి కిందికెందుకు పోతోంది?"

జేబులో టిక్కుటిక్కు ఆగిపోయింది. రైనో మొహంలో రంగు పోవడం నా కళ్ళారా చూశాను.

నలుగురం పరిగెత్తాం. టౌనో అందరికంటే ముందున్నాడు, "ఐలీ! ఐలీ!" అని కేకలు పెడుతూ. ఆ కంగారులో వాడికి పడవా గుర్తులేదు, ఒప్పందమూ గుర్తులేదు.

ఐలి మునగలేదు. పడవ వెనక వైపు మోకాళ్ళ మీద వంగి కూర్చుని, పిక్కల దాకా మంచు నీళ్ళలో, అరచెయ్యి అడుగున ఎక్కడో నొక్కిపెట్టి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు మాత్రం నిప్పులు కక్కుతున్నాయి.

"గంట నుంచి పిలుస్తున్నా" అంది. "నువ్వు తిరిగి చెయ్యి ఊపుతావా!"

టౌనో పడవలోకి దిగి ఆమె భుజం పట్టుకున్నాడు. "చాలు చెల్లెమ్మా, బయటికి రా. చూశావుగా. నాన్న వస్తువే, నాకూ బాధే. కానీ ఇది తుక్కుకే పోవాలి."

"అన్నయ్యా, ఆగు. పొద్దుట్నుంచి ఒక్కో వరసా తడుముకుంటూ కూర్చున్నాను. రివెట్లలోంచి ఒక్క చుక్క రాలేదు. ఒట్టు." చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, దింపేటప్పుడు అడిగానా లేదా, పెట్టావా అని? జేబులో ఏముందో తియ్యి."

రైనో చెయ్యి బయటికి తీశాడు. అరచేతిలో ఇత్తడి బిరడా. పొద్దున్నుంచి తిప్పీ తిప్పీ ధగధగా మెరుస్తోంది. వాడు తోమాడని నమ్మగలిగిన వస్తువు ఆ రోజు మొత్తానికి అదొక్కటే.

ఐలి ఆ చిల్లు మీంచి చెయ్యి తీసి బిరడా బిగించింది. నా కొట్లోంచి కాఫీ డబ్బాలు తెచ్చి అందరం నీళ్ళు తోడాం. గుడ్డతో తుడిచి, ఆమెకి నా దుప్పటి కప్పి, రేవు మీదే నిలబడ్డాం. రైనో నోరు మెదపకుండా నిలబడ్డాడు, అది నేనెన్నడూ చూడలేదు. పన్నెండయింది. టౌనో మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు నుంచి వెనక దాకా ప్రతి రివెట్ వరసా వేళ్ళతో తడిమాడు. తిరిగి మళ్ళీ తడిమాడు. వేళ్ళు పైకెత్తి చూసుకున్నాడు. పొడిగా ఉన్నాయి.

వాళ్ళ నాన్న కూర్చునే బల్లని అరచేత్తో నిమిరాడు. "ఈ పని ఎవరు చేశారు?"

"సుత్తి నేను కొట్టాను" అంది ఐలి. "చలికాలమంతా. దిమ్మ పట్టుకుని కింద పడుకున్నది ఇతనే. చేతులు కొంకర్లు పోతున్నా ఒక్క రోజు వదల్లేదు. అదేమిటో, అది మాత్రం ఎవరికీ చెప్పడు."

టౌనో వెళ్ళి బండిలోంచి తాళ్ళు తీశాడు. తుక్కు వాడి కోసం తెచ్చిన తాళ్ళతోనే పడవని రేవుకి ఇంకాస్త గట్టిగా కట్టాడు. ఐలి దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చింది.

రైనోకి ఇక నోరు ఆగలేదు. గొంతు సవరించుకున్నాడు. "నిజానికి బావగారూ, బిరడా నేను కావాలనే పెట్టలేదు. చిల్లున్నా మునగని పడవని మీకు చూపిద్దామని—"

ఐలి దుప్పట్లోంచి తల బయటికి పెట్టింది.

"ఫెర్న్ అక్కా, నీ కొట్లో ఇలాంటి బిరడా ఇంకోటి ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"పడవకి పెట్టాను. మా ఆయన నోటికి ఒకటి కావాలి."