చిరుగు లోపలికి మడిచే అత్త

ఎవరమ్మా ఫోను? మొహం అలా మాడిపోయిందేం? అప్పు వసూలువాళ్లా? ఆగాగు. అన్న అప్పు చేశాడన్నంతవరకూ నోరు జారావు, చాలు. ఎంతో నాకు చెప్పకు. మీ నాన్న దగ్గరికి అసలే పరిగెత్తకు. కూర్చో ఇలా. నీకు లాండ్రీ అత్త సంగతి ఎప్పుడైనా చెప్పానా? చెప్పలేదు కదూ. మీ నానమ్మకే చెప్పలేదు, ఇక నీకెక్కడ చెబుతాను.

మా వీధి చివర కొట్టు ఆవిడది. పొడుగాటి బల్ల, దాని మీద కాలిన మచ్చల దుప్పటి, బొగ్గుల ఇస్త్రీపెట్టె, మూలగా ఓ నల్ల ఫోను. వీధి మొత్తానికి అదొక్కటే. మేమంతా ఆవిణ్ణి అత్తా అనేవాళ్లం. ఆవిడకి మాత్రం ఏడేళ్లవాడైనా అబ్బాయే, డెబ్భై ఏళ్లవాడైనా అబ్బాయే. అదలా ఉంచు, ఆవిడ మడత చూడాలి నువ్వు. చొక్కాకి చిరుగుంటే అది లోపలికి పోయేలా మడిచేది. మాసిక పైకి కనబడేలా ఎవరి బట్టా బల్ల మీద పెట్టి ఎరగదు. "ఎవరి మరక ఏదో నాకు తెలుసబ్బాయ్, ఉతకడం వరకే నా పని" అనేది. వీధిలో ఎవరి గుట్టు ఆవిడకి తెలీదు చెప్పు? ఒక్కటి బయటికి పొక్కనిస్తే ఒట్టు.

సరే, ఎక్కడున్నాం? ఆఁ, మా నాన్న. ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. దిగులుపడే మాట ఆయన చెవిన వేశారో, ఇక మీ ఇష్టం అన్నాడు డాక్టరు. అందుకని ఖర్చంతా మా ఆఫీసు పెట్టుకుందని చెప్పాను. పెట్టుకుంది నా తలకాయ. ఫైనాన్స్ కంపెనీలో అప్పు తెచ్చాను. ఆ ఫారంలో దగ్గరి బంధువు పేరు, ఫోను నంబరు రాయమని ఓ గడి. మాకు ఫోనెక్కడిది? లాండ్రీ నంబరు రాసి, పక్కన మేనత్త అని గిలికేశాను. ఆవిణ్ణి మాట మాత్రం అడగలేదు, చూశావా బుద్ధి. ఆ తర్వాత మూడు వాయిదాలు తప్పాయి. ఇప్పుడంటే ఒకరి బాకీ ఇంకొకరికి చెప్పకూడదని రూల్సు ఉన్నాయంటున్నారు. అప్పుడు మాకు తెలిసిన రూలు ఏదీ లేదమ్మా.

ఓ ఆదివారం పొద్దున వసూలు మనిషి కొట్టుకే వచ్చేశాడు. కొట్టు నిండా జనం. ఆ జనంలో మా నాన్న, చొక్కాల కోసం స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వచ్చినవాడికి కావలసిందీ నలుగురున్న చోటే కదా. కాయితం ఆవిడ ముందు పెట్టి, "మేనత్తంటే మీరేనా? మీ మేనల్లుడు ఏం చేశాడో తెలుసా?" అని గొంతు పెంచాడట. ఆవిడకి అసలు తోడబుట్టినవాళ్లే లేరు. కాయితం చూసింది, స్టూలు వైపు చూసింది. "నేనే నాయనా. నీ చొక్కాకేదో అంటింది, ఇలా రా" అని బల్ల వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ మెల్లిగా, "కాలరు అరిగిపోతే తిరగేసి కుట్టించుకున్నావు. చంక కింద మాసికుంది. గుమ్మం ఎక్కుతుంటేనే చూశాను. ఈ నలుగురికీ చెప్పానా? వాడి మాట వాడితోనే చెప్పుకో. నీ పేరూ నంబరూ రాసివ్వు, వాడి చేతికిస్తాను" అందట. అతను కాలరు సర్దుకుని, పేరూ నంబరూ చీటీ మీద రాసిచ్చి వెళ్లిపోయాడట. ఆఖరి వాయిదా కట్టిన రోజు ఇదంతా నాకు చెప్పింది ఆ మనిషే. చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు.

ఆవిడ మాత్రం ఒక్క ముక్క అడగలేదు. ఆ సాయంత్రం నా బట్టలిచ్చింది. చొక్కా జేబులో మడిచిన చీటీ. "ఎవరో నంబరిచ్చి వెళ్లారు అల్లుడూ" అంది. అల్లుడూ అంది! అప్పటిదాకా అబ్బాయ్‌నే కదా నేను. నా రాత చదివింది, తిట్టాల్సింది పోయి దాన్నే నిజం చేసేసింది. ఆవిడ పోయేదాకా నేను అల్లుణ్ణే. మా నాన్న ఇంకో పదకొండేళ్లు బతికి, మా ఆఫీసుని దీవిస్తూనే పోయాడు. ఎంతమంది పెద్దపెద్దవాళ్లని చూశాను, ఆవిడ ముందు తల వంచినట్టు ఎవరి ముందూ వంచలేకపోయానమ్మా. ఆవిడ అసలు మామూలు మనిషేనా అనిపిస్తుంది ఇప్పటికీ...

అదిగో, మళ్లీ మోగుతోంది. ఇటివ్వు. హలో... ఆఁ, వాడి తాతనే. ఉండు నాయనా, ఎంతో నాకు చెప్పకు. నీ పేరూ నంబరూ చెప్పు, వాడి చేతికే ఇస్తాను... ఆఁ, రాశాను.

ఇదిగోమ్మా చీటీ. మడిచి అన్న చొక్కా జేబులో పెట్టు. మీ నాన్న లేచే వేళైంది, టీ పెట్టు పో.