మామయ్య నడుముకి నమూనా ప్రతి

హలో… ఆ, నేనే వదినా, హెల్కాని. బాల్కనీలోకి వచ్చి మాట్లాడుతున్నాను… చలే, పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఏం చెయ్యను, మామయ్య వంటింట్లో కాఫీ తాగుతున్నారు. వింటే కొంప మునుగుతుంది.

… లేదు, ఆయనకింకా తెలీదు. శనివారం చర్చి హాల్లో కేకు, కాఫీ అన్నాం, అంతే. వీడియో వేస్తామంటే ఎనభయ్యో పుట్టినరోజు మానేసి చేపలు పట్టుకోడానికి పోతారు. మీ నాన్నగారి సంగతి మీకు తెలీనిదా.

… పాత క్యాసెట్లు కలిపి చేసే వీడియో డిస్కా? అదేగా నా ఏడుపు. మూడు రకాల సాఫ్ట్‌వేర్ చూశాను. మొదటిది మీ తమ్ముడు ఆఫీసు నుంచి తెచ్చారు. తెరిస్తే విమానం నడిపేవాళ్ళ గదిలా ఉంది. ఏదో నొక్కాను, అత్తయ్య తలకిందులయ్యారు… అబ్బే, వీడియోలో. ఆవిడ నిక్షేపంగా ఉన్నారు.

రెండోది ఉచితం. కత్తిరిస్తుంది, అతికిస్తుంది, పాట కూడా పెడుతుంది. అంతా అయ్యాక డిస్కు చెయ్యవే తల్లీ అంటే, అది నా పని కాదంటుంది… అవును, ఈ ఇంటి మగవాళ్ళలాగే.

… ఆ, మూడోది మీరు చెప్పిందే. దుప్పి బొమ్మది. మీరు సాయంత్రం క్లాసులో నేర్చుకున్నది… చవకే. సులువే, కాదన్నానా. క్యాసెట్ ఎక్కించు, అక్కర్లేనిది తియ్యి, డిస్కు చెయ్యి. మూడే మీటలు. నాకు అంతకంటే తెలివి అక్కర్లేదు.

… కష్టం దానితో కాదు వదినా. మీ నాన్నగారితో.

… మొన్న వేసవిలో సరస్సు దగ్గర తీసిన క్యాసెట్. సౌనా ఆవిరిగదిలో బాగా చెమట పట్టించుకుని, తలుపు తోసుకుని, చెక్కవంతెన మీద నవ్వుతూ పరుగెత్తుకొచ్చి నీళ్ళలో దూకుతారు చూడండి… అవును, అదే. ఒంటి మీద ఆవిరి తప్ప ఏమీ లేదు.

… నీళ్ళలో పడ్డాక ముక్క పెడితేనా? చూశాను. పడగానే నవ్వు ఆగిపోతుంది. నీళ్ళు చల్లన కదా. నవ్వంతా పరుగులోనే ఉంది.

… తీసేద్దును. అత్తయ్య ఊరుకుంటేగా. పెట్టెలో ఉన్న క్యాసెట్లన్నీ వేశాను వదినా. పెళ్ళిళ్ళు, క్రిస్మస్‌లు, మీ అబ్బాయి బారసాల… అన్నిట్లోనూ మామయ్య పన్ను పీకించుకోడానికి వచ్చినట్టు కూర్చున్నారు. ఆయన నవ్విన ముక్క లోకం మొత్తం మీద అదొక్కటే. “నేను కాపురం చేసింది ఆ పరుగెత్తేవాడితో, ఈ కూర్చున్నాయనతో కాదు. అది తీసేస్తే నేను హాలుకే రాను” అంటారు ఆవిడ… నాకూ కళ్ళు చెమర్చాయి.

… పాస్టరుగారా? ఆయన చూశారు, తెలుసు. ఒకే బల్ల మీద బట్టల్లేకుండా కూర్చునేవాళ్ళేగా. సౌనాలో చూడ్డం వేరు వదినా. చర్చి హాల్లో, గోడంత తెర మీద, చేతిలో కాఫీ కప్పుతో చూడ్డం వేరు. పైగా ముందు వరసలో పాటలు పాడే ఆడవాళ్ళు. అందరికీ కొత్త కళ్ళజోళ్ళు.

… ఆగండి, అసలు సంగతి చెప్పనివ్వండి. దారి దొరికింది. డబ్బు కట్టకపోతే ఆ దుప్పి తెర మధ్యన అడ్డంగా ‘నమూనా ప్రతి’ అని రాస్తుందిగా… ఆ, ఎర్రగా, లావుగా. వదినా, ఆ అక్షరాలు సరిగ్గా మామయ్య నడుము కింద పడ్డాయి… ఒట్టు. తలుపు దగ్గర్నుంచి నీళ్ళదాకా అంగుళం జరగలేదు. కొలతలిచ్చి కుట్టించినా నిక్కరు అంత బాగా అమరదు.

… అందుకే కొనను. పిసినారితనం కాదు, మర్యాద… వదినా? ఏమన్నారు?

… కొనేశారా.

… నాకు కానుకగా. మంచి మనసు మీది… అక్షరాలు పోయే నంబరా. ఎవరికి చెప్పారు?

… మీ తమ్ముడికి. ఇవాళ పొద్దున.

ఒక్క క్షణం. లోపలికి వెళ్తున్నాను… ఏవండీ, ఆ కంప్యూటర్ దగ్గర్నుంచి లేవండి. ఆ నంబరు కొట్టకండి… కొట్టేశారా… చూస్తున్నాను. చాలా స్పష్టంగా ఉంది. ఇంత స్పష్టత ఎవరడిగారండీ?

… పోయాయి వదినా. నిక్కరు పోయింది… మళ్ళీ నమూనాలోకి వెళ్ళే మీట లేదట. ఉన్నవి మూడే, అందులో అది లేదు.

… ఉండండి. అమ్మో. మామయ్య. కప్పు పట్టుకుని గుమ్మంలో నుంచున్నారు… చూశారు. ఇంకా చూస్తున్నారు… ‘ఎవడా ముసలాడు’ అంటున్నారు… మీరే మామయ్యా. మొన్న వేసవిలో.

… ఏమీ లేదు వదినా, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో… కాదు. కాదు, ఆగండి, ఫోను అటు పెడతాను, వినండి… విన్నారా? గోడ పట్టుకుని నవ్వుతున్నారు. కాఫీ అంతా చొక్కా మీద… వదినా, చొక్కా ఉంది. ప్యాంటూ ఉంది.

ఏవండీ, కెమెరా. ముందు కెమెరా తెండి… క్యాసెట్ ఉందా అందులో? మామయ్యా, ఆపకండి, అలాగే నవ్వుతూ ఉండండి… పెట్టేస్తున్నాను వదినా, రెండు చేతులూ కావాలి—