ఫ్యాను కింది స్టూలు, ఆఠీను రాణి

రెండువేల ఇరవై మూడు, ఏప్రిల్ ఎండలు. విజయవాడ వన్ టౌన్‌లో పద్మావతమ్మ టీ కొట్టుకి ఉన్నది ఒకటే ఫ్యాను, దాని కింద ఒకటే స్టూలు. ఎవరి కోతలకి ఎదురు లేదో ఆ స్టూలు వాళ్లది. చీరల వ్యాపారం సాంబమూర్తి గారు నిరుటి వేసవి నుంచి దాన్ని వదల్లేదు.

పక్క కొట్టు వేణుగోపాల్ చెమట తుడుచుకుంటూ, "బాబాయి గారూ, ఇవాళ మీ కోత బయటపడితే వానలు పడేదాకా స్టూలు నాది," అన్నాడు.

"అలాగే. నిలబడి విను," అంటూ ఆయన జేబులోంచి పేక తీశారు.

"మొన్న మాఘమాసంలో ఇబ్రహీంపట్నంలో మా తోడల్లుడి షష్టిపూర్తికి వెళ్లానా, పిల్లలు పట్టుబడితే చిన్న మాజిక్ చేశాను, పెద్దదేం కాదు. మా అరవయ్యేళ్ల పెళ్లికొడుకు ఒక ముక్క తీశాడు, ఆఠీను రాణి. తీసుకుని కలుపుతుంటే ఫ్యాను గాలికి అది కాస్తా కిటికీలోంచి ఎగిరిపోయింది! ఇంకొకడైతే చేతులెత్తేసేవాడు. మాజిక్ తప్పినప్పుడు మొహం మారకూడదోయ్, అదీ కిటుకు. 'ఎగరమన్నది నేనేనండీ' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వెళ్లి వెతుక్కుని తెచ్చుకున్నారు," అంది పద్మావతమ్మ టీ వడపోస్తూ.

"నా మొహం! అది పోయి పోయి అక్కడి థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టంలో పడింది. జనమంతా డాబా ఎక్కారు. నేను చిటికె వేశాను. పొగ వచ్చింది చూడూ, ఆఠీను రాణి ఆకారంలో, ముక్కుపుడకతో సహా! ఆ రాణి గాల్లో తేలుకుంటూ వెళ్లి బెంజ్ సర్కిల్ మీద నిలబడితే, గ్రీన్ లైటు పడినా ఒక్క బండి కదిలితే ఒట్టు! ఇక లాభం లేదని నేనే వెనక్కి పిలిచి, ఆ పొగని మడతపెట్టి..."

"పొగని మడతపెట్టారా?"

"పట్టుచీర మడతపెట్టేవాడికి పొగ ఓ లెక్కటోయ్? మడతపెట్టి పెళ్లికొడుకు జేబులో పెట్టాను. తీసి చూసుకుంటే అదే ముక్క. ఇంకా వెచ్చగా ఉంది!"

"అంత పొగ మాకెందుకు గానీ, ఇక్కడ మామూలుది ఒకటి చెయ్యండి," అన్నాడు వేణుగోపాల్.

ఆయన పేకని విసనకర్రలా కాస్త విప్పి, ముక్కలు బోర్లా పట్టుకున్నారు. పద్మావతమ్మ కొంగుకి చెయ్యి తుడుచుకుని ఒకటి లాగి చూసుకుంది. సాంబమూర్తి గారు కళ్లు మూసుకుని, "ఆఠీను రాణి," అన్నారు.

ఆఠీను రాణే! వేణుగోపాల్ మొహం వాడిపోయింది. ఆయన స్టూలు మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నారు.

పద్మావతమ్మ ముక్కని అటూ ఇటూ తిప్పింది. "బానే ఉంది గానీ, ఇదొక్కటేనాండీ? ఇంకేమున్నాయో చూపించండి."

జీవితమంతా పరుపు మీద కూర్చుని చీరలు చూపించిన చెయ్యి, ఆ మాట వింటే ఆగుతుందా? "ఎందుకు లేవమ్మా, చూడండి!" అనేశారు సాంబమూర్తి గారు. పేకంతా బల్ల మీద బారున పరుచుకుంది.

అన్నీ ఆఠీను రాణులే.

సాంబమూర్తి గారి మొహం మాత్రం మారలేదు. "చూశారా! పేకంతా రాణుల్ని చేసేశాను!"

"అద్భుతం బాబాయి గారూ," అన్నాడు వేణుగోపాల్. "ఇంకో చిటికె వేసి మళ్లీ మామూలుగా మార్చెయ్యండి."

ఆయన చిటికె వేశారు. మళ్లీ వేశారు. ఫ్యాను గాలికి ఒక రాణి లేచి మరుగుతున్న టీ గిన్నెలో పడింది.

"ఉండండుండండి," అంది పద్మావతమ్మ గిన్నెలోకి తొంగిచూస్తూ, "ఇప్పుడు పొగ వస్తుంది."

కొట్టు కొట్టంతా పడీ పడీ నవ్వింది. సాంబమూర్తి గారు లేచి స్టూలు జరిపారు.

వానలు పడేదాకా ఆయన ఎండలో నిలబడే టీ తాగారు.