వరస తప్పిన పేర్లు

ఆఫీసు మెట్ల మలుపు. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో ఇద్దరూ ప్రోగ్రామర్లే, అక్క, తమ్ముడు.

“మెల్లగా మాట్లాడక్కా. ఎవరైనా వింటారు.”

“విననీ. మేనేజర్ ముందు చంకలు గుద్దుకున్నప్పుడు అందరూ విన్నారుగా. నిన్న నాన్న దగ్గరికి రాలేదేం?”

“పనుంది. వచ్చినా ఏముంటుంది, కంటి ఆపరేషన్‌కి ఇంకా పిలవలేదనే కదా ఆయన గొడవ. అది తర్వాత. ముందు దీని సంగతి చూడు.”

“చూసేదేముంది? పాత ప్రోగ్రాం నత్తనడక, నేను చిటికెలో పరిగెత్తించానన్నావు. టీమ్ లీడ్‌వయ్యావు. ఆ కిటుకు ఎవరిదిరా?”

“నీదే. నీ స్క్రీన్ మీద చూశా. ఒప్పుకున్నా, సరేనా? ఇప్పుడు ఆపరేషన్లకి రోగుల్ని పిలిచే వరస కలగాపులగం అయిందని ఆసుపత్రి వాళ్ళు మండిపడుతున్నారు.”

“అసలేం మార్చావు?”

“రోగుల పేర్లుంచే లిస్టు తీసేసి, దాని బదులు సెట్టు పెట్టా. నువ్వు చేసిందేగా! లిస్టులో ఒక పేరుందో లేదో చూడాలంటే మొదట్నుంచీ ఒక్కొక్కటీ తడుముకుంటూ పోవాలి. సెట్టయితే నేరుగా...”

“నేరుగా పట్టుకుంటుంది. కానీ ఎవరు ముందొచ్చారో దానికి గుర్తుండదు. నేను రెండూ ఉంచాను. వరసకి లిస్టు, వెతకడానికి పక్కన సెట్టు. నువ్వు సగం చూసి, మిగతా సగం పీకేశావు.”

“వేగమే చూసుకున్నా. వరస... వరస చూళ్ళేదు.”

“ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్నిగా?”

“అడిగితే పేరు నీకొచ్చేది.”

“ఆహా. ఇన్నాళ్ళకి ఒక నిజం.”

“అక్కా, మీటింగ్‌కి పిలుస్తున్నారు. పాత ప్రోగ్రాం రాసింది నువ్వేగా. తప్పు అందులోనే ఉందని చెప్తా. నిన్నెవరూ ఏమీ అనరు. నాకే ఈ లీడ్ ఉద్యోగం కొత్త, ఊడుతుంది.”

“చెప్పు.”

“నిజంగానా? కోపం లేదుగా?”

“పొద్దునే సరిచేశాను. బ్యాకప్‌లోంచి పాత వరస తెచ్చి, పిలుపు తప్పిపోయినవాళ్ళెవరా అని చూశా.”

“చాలామందా?”

“ఒకాయన్ని పోయిన వారమే పిలవాల్సింది. ఆయన బదులు ఎవర్నో పిలిచారు. ఈలోగా రెండో కన్ను కూడా పోయింది. ఇక ఆపరేషన్ చేసినా లాభం లేదన్నాడు డాక్టరు.”

“అయ్యయ్యో! పాపం, వాళ్ళింట్లోవాళ్ళకి తెలుసా?”

“కూతురికి తెలుసు. కొడుక్కి ఇప్పుడే చెప్తున్నా. వెళ్ళు, మీటింగ్‌లో నా పేరే చెప్పు. నాన్నకి మాత్రం నీ పేరు చెప్పు.”