కొమ్ములున్నది, కొమ్ముల్లేనిది

1991. ఆర్మూర్‌లో రైతుల పంట అమ్మిపెట్టే ఓ అడ్తి దుకాణం ముందు పసుపు ఏరుతున్న నీలవ్వ. పక్కనే, హైదరాబాద్‌లో శిలాజాల మీద పరిశోధన చేసే ఆమె తమ్ముడు దేవిదాస్.

"చేతులు తుడుసుకొని పట్టుకోవే అక్కా, ఫోటోలకు పసుపు అంటుతది."

"అంటితే పెండ్లి కార్డు లెక్క అయితదిరా. ఏందివి, పల్లికాయలా?"

"డైనోఫ్లాజెల్లేట్లు."

"ఏం ప్లేట్లు?"

"ప్లేట్లు కాదే! సముద్రంల ఉండే జీవులు. కోట్ల ఏండ్ల కిందటియి. రాయిల వాటి పెంకులు మిగిలినయ్. కంటికి కనవడయ్."

"కనవడయ్, బతికి లేవు, తిననీకి రావు. ఆరేండ్ల సంది గివాటి కోసమా మా తమ్ముడు కండ్లద్దాలు పెట్టుకున్నది! మస్తుంది."

"నవ్వు, నవ్వు. గీ కాయితం నాలుగింటిలోపల పోస్టుల ఏస్తె నా పీహెచ్‌డీ అయినట్టే. కొత్త జాతి కనుక్కున్న."

"లింగన్న కొడుకు దుబాయి పోయి టేప్‌రికార్డర్ తెచ్చిండు. నువ్వు హైదరాబాద్ పోయి జాతి తెచ్చినవ్. ఇగ ఊరోళ్లకు సూపిద్దామంటే కంటికి కనవడదాయె!"

"అక్కా..."

"సరే, సరే. గీ గుండ్రటిదేంది?"

"అది పోయినేడే అచ్చయింది. ఒక జాతి. గీ మూడు కొమ్ములది ఇంకో జాతి, గిదే కొత్తది."

"గుండ్రటిదాని మీద గీ మచ్చలు?"

"మూడు మచ్చలు. అదే దాని గుర్తు. వాటి మీదనే రెండు పేజీలు రాసిన."

"దానికి మూడు మచ్చలు. దీనికి మూడు కొమ్ములు."

"ఆఁ."

"రెండూ ఒక్క రాయిలనే దొరికినయా?"

"ఒక్క రాయిలనే. ఎందుకే?"

"ఊకెనే. నా చేతుల గిదేంది?"

"పసుపు మండ, గుండ్రటి గడ్డ."

"గిది?"

"పసుపు కొమ్ము. నేను గీ ఊర్లె పుట్టలేదానే?"

"పుట్టినవ్ గని సూడలే. మండకు కొమ్ము ఇరిసినకాడ ఏమున్నదో సూడు."

"...మచ్చ."

"రాశులు రెండు పోస్తం, రేట్లు రెండు పెడ్తం. చెట్టు మాత్రం ఒక్కటే సారూ!"

"ఆగు, ఆగు. జర ఆగు..."

"ఆగిన. నీ గుండ్రటిది కొమ్ములిరిగిన కొమ్ములదేరా. ఇరిగిన మచ్చకు రెండు పేజీలా!"

"మచ్చలు... గా జాగలనే ఉన్నయ్. మూడుకు మూడు. ఓరి దేవుడా!"

"ఏడుస్తున్నవా? పసుపు చేతుల్తోని కండ్లు తుడుసుకోకు, మండుతయ్. రెండూ ఒక్కటేనని రాసి పంపు, గంతే."

"గట్ల రాస్తె ఒక పేరు పోతది."

"గుండ్రటిదాని పేరు కొట్టెయ్."

"రాదు. దానికి మా లక్ష్మీరాజం సారు పేరు పెట్టిన, అచ్చు గూడ అయింది. ముందు పెట్టిన పేరే నిలుస్తది, అది కాయిదా, రూలు. ఎనుక పెట్టింది పోవాలె."

"పోనీ! మీ సారు ఖుష్. ఎవ్వలకు నష్టం? గింతకు రెండోదాని పేరేంది?"

"నీలవ్వే."

"ఆఁ, ఈడనే ఉన్న. అక్కను పేరు పెట్టి పిలుసుడేందిరా? దాని పేరు చెప్పు."

"గదేనే దాని పేరు. లాటిన్ల గట్లనే రాస్తరు. పసుపు ఏరి ఏరి నన్ను సదివిచ్చినవని నీ పేరు పెట్టిన."

"నా పేరా! గీ మూడు కొమ్ములదానికా?"

"పెన్ను తీసిన అక్కా. కొట్టెయ్యాల్నా?"

"కొట్టెయ్. ...గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దారా! నోరు మూస్కుంటుంటి గద!"