నోట్లో నాలుక లేని మైకు

హలో… ఆ, నేనే. బస్టాండు ఎంక్వయిరీ కౌంటర్‌లో ఉండేది నేనే… ఎవరూ? … ఓ, రచయితగారా! స్వయంగా మీరే! … చెప్పండి బాబూ. మీ చెల్లెలు పోయి మూడు నెలలైంది, ఇప్పటికి మా నంబరు దొరికిందన్నమాట.

… పుస్తకమా? ఆమె మీదే? … పేరు కూడా పెట్టేశారూ? … ‘నిశ్శబ్ద సుమం’… బాగుంది. సబ్బు పేరులా ఉంది… అబ్బే, నవ్వు కాదండీ, దగ్గు.

… నోట్లో నాలుక లేని పిల్లా? ఎవరు, మీ చెల్లెలా? … ఇక్కడ ఆమె ఏం పని చేసేదో తెలుసా మీకు? … గుమాస్తా అనుకున్నారా! తొమ్మిదేళ్లు మైకులో బస్సులు పిలిచింది బాబూ. అసలు పేరు మర్చిపోయి ‘మైకు’ అనే పిలిచేవాళ్లం… మీరూ వినే ఉంటారు. సన్మానాలకి బస్సెక్కింది ఇక్కడేగా… గుర్తుపట్టలేదా? పోనీలెండి. పెద్దవాళ్ల చెవులు, ఎన్నని వింటాయి.

… ఇంట్లో మాట్లాడేది కాదంటే — మీరు సందిచ్చారా? … అదీ.

… డైరీనా? సొరుగులోనా? … కవితలేం లేవు. ఒక దువ్వెన, గొంతుబిళ్లలు, ప్రయాణికులు మర్చిపోయిన వస్తువుల జాబితా… లేదండీ, గూఢార్థమేం లేదు. ‘ఎడమకాలి చెప్పు’ అని రాస్తే, ఎడమకాలి చెప్పే.

… అభిమానం ఎందుకుండదు? మీ పుస్తకావిష్కరణకి సగం రోజు సెలవు పెట్టి మరీ వచ్చింది. వెనక వరసలో కూర్చుంటే, ఎవరికో చూపించి ‘మా చెల్లెలు, పాపం మాటలు రావు’ అన్నారట… అన్నారు లెండి. మర్నాడు టీ గదిలో మీ ఉపన్యాసం మొత్తం అప్పజెప్పింది, అచ్చం మీ గొంతుతో! కళ్లద్దాలు సర్దుకోవడం, చప్పట్ల కోసం ఆగడం… డ్రైవర్లకి నవ్వి నవ్వి పొట్ట చెక్కలైంది… కోపమెందుకండీ? మీ పుస్తకం ముట్టనివాళ్లు కూడా ఆ రోజు మిమ్మల్ని పూర్తిగా విన్నారు.

… జబ్బా? గుండె కవాటం పాడైంది. చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్లేనట… మీకు చెప్పలేదా? చెప్పడానికే రెండుసార్లు వచ్చింది మీ ఇంటికి. మీరు కొత్త అధ్యాయం చదివి వినిపించి పంపారట… రెండుసార్లూ.

… ఆ రోజా…

మధ్యాహ్నం షిఫ్టు. ఒక పెద్దాయన తప్పిపోయాడు, కూతురు ఒకటే ఏడుపు. అప్పటికే మా మైకు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. అయినా పదకొండుసార్లు పిలిచింది ఆయన్ని. దొరికాడు. అప్పుడు మైకు ఆపి బల్లమీద తల వాల్చింది… ముప్పై ఒకటేగా వయసు.

… ఆస్పత్రిలో సాయంత్రం దాకా తెలివిలోనే ఉంది. ‘అన్నయ్య వస్తున్నాడా’ అని అడిగింది… ఒక్కసారే. మళ్లీ అడగలేదు.

… ఎవరూ చెప్పకపోవడమేంటి? ఆస్పత్రి నుంచి నేనే చేశాను ఫోను. ‘ఆయన రాసుకుంటున్నారు, తర్వాత చేయండి’ అన్నారు మీ ఆవిడ.

… హలో? … ఉన్నారా? … ఏడుస్తున్నారా బాబూ? …

మరి ఆ బరబరా చప్పుడేంటి? … కాగితమా… ఇదంతా రాసుకుంటున్నారా!

… పెన్ను కింద పెట్టండి… ఒక్క నిమిషం పెట్టండి…

పెట్టరా? సరే, నేనే పెట్టేస్తున్నాను.